ఇది ఇక్కడికి ఎలా వచ్చింది? తొమ్మిదో తరగతి భూగోళం ప్రాజెక్టు డైరీ

జూన్ చివర: ప్రణాళిక

ఈ ఏడాది తొమ్మిదో తరగతికి రెండు పెద్ద అంశాలు చెప్పాలి. ఒకటి ప్రపంచీకరణ, రెండోది హిమానీనదాలు మలిచిన నేలలు. పాఠ్యప్రణాళికలో ఒకటి మానవ భూగోళం కిందికి, మరొకటి భౌతిక భూగోళం కిందికి వస్తాయి. మధ్యలో పరీక్ష పెడితే పిల్లలు మొదటిదాన్ని మరిచిపోయి రెండోదానికి కొత్త నోటుపుస్తకం తెరుస్తారు. అలా జరగకూడదని రెండింటినీ ఒకే ప్రశ్నతో నడపాలనుకున్నాను: ఇది ఇక్కడికి ఎలా వచ్చింది?

ఈ ప్రశ్న నాకు జురా పర్వతాల దగ్గర దొరికింది. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సరిహద్దులో ఉన్న ఆ కొండలు సున్నపురాయివి. వాటి వాలు మీద అక్కడక్కడా ఇంటంత గ్రానైట్ బండలు కూర్చుని ఉన్నాయి. ఆ గ్రానైట్ ఉన్నది దూరాన ఆల్ప్స్‌లో, మధ్యలో విశాలమైన మైదానం. ప్రళయం మోసుకొచ్చిందని కొందరు, నీటిపై తేలే మంచుగడ్డలతో వచ్చాయని మరికొందరు అన్నారు. 1837లో న్యూషాటెల్‌లో జరిగిన శాస్త్రవేత్తల సభలో లూయీ అగస్సీ, ఒకప్పుడు ఈ నేలంతా మంచు కింద ఉండేదని ప్రకటించాడు. ఆయన కంటే ముందే పెరోదాన్ అనే కొండ వేటగాడు, వెనెట్జ్ అనే ఇంజినీరు, గనుల అధికారి షార్పాంటియె ఒకరి తర్వాత ఒకరు ఆ దారిలోనే ఆలోచించారు. వేటగాడి పేరు పిల్లలకు తప్పకుండా చెప్పాలి. రోజూ ఆ లోయలో తిరిగే మనిషి చూసిన ఆనవాలే చివరికి శాస్త్రమైంది.

బండను అడిగిన ప్రశ్ననే చొక్కాను కూడా అడగవచ్చు. ఎక్కడి నుంచి బయలుదేరింది, ఏది మోసుకొచ్చింది, దారిలో ఏం మారింది, ఇక్కడే ఎందుకు ఆగింది? ప్రాజెక్టు మొత్తానికి ఒకటే నియమం పెట్టాను. ఏ మాట చెప్పినా దాని పక్కన ఆనవాలు రాయాలి. ఆనవాలు లేకపోతే ఆ మాటను పెన్సిలుతో రాయాలి, దొరికాక పెన్నుతో దిద్దుకోవాలి.

కావలసిన వస్తువులు: పెద్ద ప్రపంచ పటం, గ్లోబు, రంగు దారాలు, గుండుసూదులు, ఇసుక, కంకర, సబ్బు బిళ్లలు, తెల్ల జిగురు, బొరాక్స్, సగానికి చీల్చిన ప్లాస్టిక్ గొట్టం. మంచు గడ్డకట్టించడానికి ఫ్రీజరు కావాలి, దానికి సైన్సు ప్రయోగశాల వాళ్లు ఒప్పుకున్నారు.

జూలై మొదట్లో: దారాల గోడ

ప్రతి ఒక్కరూ తమ వస్తువుల్లో ఒకదాని మీదున్న తయారీ దేశం పేరు చూసుకుని రావాలన్నాను. మరుసటి తరగతిలో పటం మీద సూదులు గుచ్చడం చకచకా అయిపోయింది. అసలు పని ఆ తర్వాతే మొదలైంది. చొక్కా మీద రాసి ఉన్నది కుట్టిన దేశం పేరు మాత్రమే. పత్తి ఎక్కడ పండింది? నూలు ఎక్కడ వడికారు? గుడ్డ ఎక్కడ నేశారు? రంగు, బొత్తాలు, దారం ఎక్కడివి? చొక్కా మీద రాసిన ఒక్క పేరు వెనుక నాలుగైదు దేశాలు దాగి ఉండవచ్చని తెలిశాక తరగతిలో మాటలు ఆగలేదు. ఫోను తీసుకున్న బృందానికి ఇంకా కష్టమైంది. దాని బ్యాటరీలో కోబాల్ట్, లిథియం అనే లోహాలు ఉంటాయి. ప్రపంచంలో తవ్వి తీసే కోబాల్ట్‌లో సగానికి పైగా కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం నుంచి వస్తుంది. లిథియంకు ఆస్ట్రేలియా, చిలీ పెద్ద వనరులు. అత్యాధునిక చిప్పుల తయారీలో తైవాన్‌ది పైచేయి. ఈ బృందం ఎక్కువగా పెన్సిలే వాడింది. నాకు అది మంచి సూచనగానే తోచింది.

దారాలన్నీ కట్టాక పటాన్ని దూరం నుంచి చూడమన్నాను. మలక్కా జలసంధి దగ్గర, సూయజ్ దగ్గర, పనామా దగ్గర దారాలు ఒకదాని మీద ఒకటి పడి ముడిలా కనిపించాయి. ప్రపంచంలో జరిగే సరుకుల వ్యాపారంలో పరిమాణం ప్రకారం 80 శాతానికి పైగా ఓడల మీదే సాగుతుంది. ఆ ఓడలు వెళ్లగలిగే ఇరుకు దారులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఈ అంకెను ముందే చెప్పేసి ఉంటే నోటుపుస్తకంలోకి ఎక్కి అక్కడే ఉండిపోయేది. గోడ మీద ముడి చూశాక చెప్పడం వల్ల దానికి ఒక చోటు దొరికింది.

ఇక్కడే పటం గురించి ఒక మాట చెప్పాల్సి వచ్చింది. మా గోడ పటం మెర్కేటర్ పద్ధతిలో, అంటే ధ్రువాల వైపు పోయే కొద్దీ నేలలను పెద్దవిగా చూపే పద్ధతిలో గీసినది. అందులో గ్రీన్‌లాండ్ దాదాపు ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా సుమారు 3 కోట్ల చదరపు కిలోమీటర్లు, గ్రీన్‌లాండ్ సుమారు 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆఫ్రికాలో గ్రీన్‌లాండ్‌లు పద్నాలుగు పడతాయి. కాగితం మీద గ్లోబులోని గ్రీన్‌లాండ్ ఆకారం గీసి, కత్తిరించి, ఆఫ్రికా మీద పరుస్తూ పిల్లలే లెక్క తేల్చారు. దూరాలు కొలవాల్సి వచ్చినప్పుడు గోడ పటం వాడకూడదని, గ్లోబు మీద దారం బిగించి కొలవాలని అప్పుడే తీర్మానించుకున్నాం.

జూలై మధ్యలో: పెట్టె

1956 ఏప్రిల్ 26న అమెరికాలోని న్యూఆర్క్ రేవు నుంచి ఐడియల్ ఎక్స్ అనే పాత చమురు ఓడ 58 సరుకు పెట్టెలతో, అంటే కంటైనర్లతో, హ్యూస్టన్‌కు బయలుదేరింది. రవాణా వ్యాపారి మాల్కం మెక్లీన్ ఆలోచన అది. విడి సరుకును కూలీలతో ఎక్కిస్తే టన్నుకు 5.86 డాలర్లు అయ్యే చోట, పెట్టెతో 16 సెంట్లు మాత్రమే అయిందని అప్పటి లెక్క.

దీన్ని తరగతిలో చేసి చూశాం. వరండా ఒక చివర పుస్తకాలు, సీసాలు, పెన్నుల డబ్బాలు, బూట్లు కలగలిపి కుప్ప పోశాం. ఒక బృందం వాటిని చేతుల మీదుగా అవతలి చివరకు చేర్చాలి. ఇంకో బృందం అవే వస్తువులను ఒకే కొలత ఉన్న అట్టపెట్టెల్లో ముందే సర్దుకుని చేర్చాలి. ఎవరు గెలుస్తారో అందరికీ ముందే తెలుసు. నాకు కావలసింది గెలుపు కాదు. ఆట అయ్యాక గోడకు ఆనుకుని నిలబడిన ఒక అమ్మాయి, "టీచర్, మొదటి ఆటలో మేమందరం పని చేశాం. రెండో ఆటలో చాలామందికి పనే లేదు. నిజంగా అలాగే జరిగిందా?" అని అడిగింది.

అలాగే జరిగింది. లండన్ నగరంలో థేమ్స్ నది మీద శతాబ్దాలుగా నడిచిన రేవులు 1960లు, 70లలో ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి, 1981 నాటికి పెద్దవన్నీ ఆగిపోయాయి. పెద్ద పెట్టెల ఓడలకు లోతైన నీరు, విశాలమైన ఖాళీ నేల కావాలి. ఆ పని తూర్పు తీరంలోని ఫెలిక్స్‌టో లాంటి చోట్లకు పోయింది. ఒక ఇనుప పెట్టె కొలత మారితే ఒక నగరంలోని పేటల తీరే మారిపోతుందన్నది ప్రపంచీకరణ పాఠంలో నేను అన్నిటికన్నా ముందు నిలబెట్టదలచుకున్న విషయం. ఆ అమ్మాయి ప్రశ్నను పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాం.

సూయజ్ ఆటను త్వరగా ముగించాను, అది తనంతట తానే అర్థమైపోతుంది. 2021 మార్చి 23న 400 మీటర్ల పొడవున్న ఎవర్ గివెన్ ఓడ కాలువకు అడ్డంగా ఇరుక్కుపోయి 29 దాకా కదలలేదు. పటం మీద సూయజ్ దగ్గర అట్టముక్క అడ్డం పెట్టి, సింగపూర్ నుంచి రాటర్‌డామ్‌కు వేరే దారి కట్టమన్నాను. గుడ్ హోప్ అగ్రం చుట్టూ దారం తిప్పి, గ్లోబు మీద కొలిచి, స్కేలుతో లెక్క కట్టారు. సుమారు 6,000 కిలోమీటర్లు ఎక్కువ వచ్చింది.

జూలై చివర: ఎవరి వాటా ఎంత

ఈ పాఠాన్ని దారాలతోనూ పెట్టెలతోనూ ముగిస్తే అందులో మనుషులు కనబడరు. అందుకే ఒక రోజు పూర్తిగా కుట్టుపని వాళ్ల గురించి పెట్టాను. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్ రాజధాని ఢాకా దగ్గరి సవార్‌లో రానా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం కూలింది. 1,100 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది దుస్తులు కుట్టేవాళ్లు. ముందు రోజే గోడలకు పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకును, దుకాణాలను మూసేశారు. పై అంతస్తుల్లో దుస్తులు కుట్టేవాళ్లను మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. ఈ ఒక్క తేడా చెప్పి ఆగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వాళ్లను తొందరపెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

తర్వాత వాటాల పని. చొక్కా అమ్మిన సొమ్ములో నూటికి తమకెంత రావాలో ప్రతి బృందం ఒక చీటీ మీద రాయాలి. పత్తి రైతు, మిల్లు, కుట్టేవాళ్లు, ఓడ, బ్రాండు, దుకాణం, ప్రభుత్వానికి పన్ను. తాము చేసే పనికి తగినంతే రాయమన్నాను. చీటీలన్నీ కలిపితే మొత్తం నూరు దాటి చాలా దూరం పోయింది. ఇక బేరం మొదలు. బ్రాండు బృందం గట్టిగా కూర్చుంది, "మీరు ఒప్పుకోకపోతే వేరే దేశానికి వెళ్తాం" అంది. ఆ మాట నేను నేర్పలేదు. కుట్టేవాళ్ల బృందానికి బదులు దొరకలేదు, చివరికి రైతుల బృందం దగ్గరికి వెళ్లి ఇద్దరం కలిసి అడుగుదామన్నారు. అదీ నేను నేర్పలేదు. బేరంలో ఎవరి బలం దేనివల్ల వచ్చిందో నోటుపుస్తకంలో ఒక పేజీ రాయమన్నాను. కదలగలిగినవాడికి, కదలలేనివాడికి మధ్య ఉన్న తేడా గురించి చాలామంది రాశారు. పొలం కదలదు, ఫ్యాక్టరీ కొద్దిగా కదులుతుంది, ఆర్డరు మాత్రం ఒక్క రోజులో ఖండం దాటుతుంది.

వచ్చే ఏడాది ఈ పని కోసం వరుసగా రెండు పీరియడ్లు అడిగి తీసుకోవాలి. బేరం ఊపందుకునే సరికి గంట కొట్టేశారు.

ఆగస్టు మొదట్లో: మంచును ఓడెక్కించిన కథ

ప్రపంచీకరణ నుంచి మంచు వైపు ఎలా మళ్లాలా అని వేసవి సెలవుల నుంచీ వెతుకుతున్నాను. వంతెన 1833లో దొరికింది. ఆ సంవత్సరం మే నెలలో బోస్టన్ నుంచి టస్కనీ అనే ఓడ 180 టన్నుల మంచు గడ్డలతో కలకత్తాకు బయలుదేరింది. భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నాలుగు నెలల ప్రయాణం తర్వాత, సెప్టెంబరులో సుమారు 100 టన్నుల మంచుతో చేరింది. వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్. ఆ తర్వాత బొంబాయికి, మద్రాసుకు కూడా మంచు వచ్చింది. మద్రాసులో దాన్ని దాచేందుకు 1842లో కట్టిన ఐస్ హౌస్ భవనం ఇప్పటికీ ఉంది.

ఈ కథ వినగానే పిల్లలు అడిగే మొదటి మాట, కరిగిపోలేదా అని. జవాబు చెప్పకుండా మంచు ముక్కలు ఇచ్చాను. ఒకటి ఖాళీ డబ్బాలో, ఒకటి రంపపు పొట్టులో, ఒకటి గుడ్డలో చుట్టి, ఇంకొన్ని ముక్కలు కలిపి ఒకే ముద్దగా పొట్టులో. తరగతులన్నీ అయ్యాక చూస్తే పొట్టులోని ముద్ద అన్నిటికన్నా బాగా నిలిచింది. పొట్టు వేడిని రానివ్వదు. గడ్డ పెద్దదయ్యే కొద్దీ దాని బరువుతో పోలిస్తే గాలి తగిలే పైభాగం తక్కువ. ట్యూడర్ వాడింది కూడా కోత మిల్లుల్లో వ్యర్థంగా పడేసే రంపపు పొట్టే.

ఇక అసలు ప్రశ్న. ఆ మంచు కోసింది ఎక్కడ? మసాచుసెట్స్‌లో చలికాలం గడ్డకట్టే చెరువుల్లో. వాటిలో ఫ్రెష్ పాండ్ ఒకటి. 1846-47 చలికాలంలో ట్యూడర్ మనుషులు వాల్డెన్ చెరువు మంచును కూడా కోశారు. వాల్డెన్ లోతు సుమారు 31 మీటర్లు. దాంట్లోకి పైనుంచి వచ్చి కలిసే ఏరు లేదు, దాని నుంచి బయటికి పోయే ఏరూ లేదు. ఏరు తవ్వని చోట అంత లోతైన గుంట ఎలా వచ్చింది? ఈ ప్రశ్నతో పిల్లలను ఇంటికి పంపాను. ప్రపంచ వ్యాపారం పాఠంలోంచి హిమానీనదాల పాఠంలోకి వాళ్లంతట వాళ్లే నడిచి వచ్చారు, మధ్యలో నేను ఎక్కడా గీత గీయలేదు.

ఆగస్టు రెండో వారం: ఇసుక పళ్లెం

పళ్లెంలో ఇసుక పోసి, రకరకాల కొలతల మంచు ముక్కలు సగం దాకా పూడ్చాం. పైనుంచి ఇసుక కలిపిన నీళ్లు నెమ్మదిగా పోస్తే ముక్కల చుట్టూ ఇసుక పేరుకుని వాటిని దాదాపు కప్పేసింది. పళ్లెం ఎండలో పెట్టాం. మంచు కరిగిన చోటల్లా ఇసుక కుంగి గుంట పడింది. హిమానీనదం వెనక్కి తగ్గేటప్పుడు దాని నుంచి తెగిపోయిన మంచు దిమ్మలు కరుగునీరు తెచ్చిన ఇసుక, కంకరలో కూరుకుపోతాయి, తర్వాత తీరిగ్గా కరుగుతాయి. మిగిలిన గుంటలనే కెటిల్ అంటారు. వాల్డెన్, ఫ్రెష్ పాండ్ రెండూ అవే.

ఒక అబ్బాయి ఒప్పుకోలేదు. "గుంట వచ్చింది సరే, నీళ్లెక్కడివి టీచర్? ఏరు లేదన్నారు కదా" అన్నాడు. పళ్లెం అంచున ఒక మూల నీళ్లు నెమ్మదిగా పోయమన్నాను. ఇసుక లోపలే నీరు ఇంకుతూ పోయి, కాసేపటికి ఏ ధారా చేరని గుంటల్లో అడుగు నుంచి ఊరింది. అన్ని గుంటల్లోనూ ఒకే మట్టానికి వచ్చి ఆగింది. భూగర్భజల మట్టం గురించి విడిగా పాఠం చెప్పాల్సిన పని ఆ పూటకు తప్పింది. ఒకప్పుడు మంచు దిమ్మ పడుకున్న గుంటలో ఊరిన నీరు చలికి మళ్లీ గడ్డకట్టి, కోతకు గురై, రెండు మహాసముద్రాలు దాటిందన్న వాక్యం ఆ అబ్బాయే రాశాడు. పెన్నుతోనే రాశాడు.

ఆగస్టు మూడో వారం: గీతలు

మంచు మెత్తనిది, రాయిని ఎలా గీస్తుంది? దీనికి మూడు రకాల గడ్డలు చేశాం. వట్టి మంచు, అడుగున ఇసుక గడ్డకట్టిన మంచు, అడుగున కంకర గడ్డకట్టిన మంచు. ఒక్కోదాన్ని ఒక్కో సబ్బు బిళ్ల మీద గట్టిగా నొక్కి ఒకే దిశలో తోయాలి. వట్టి మంచు సబ్బును తడిపి నునుపు చేసింది. ఇసుక మంచు సన్నని సమాంతర గీతలు పెట్టింది. కంకర మంచు గాడులే తీసింది. గీసేది మంచు కాదు, మంచు బిగించి పట్టుకున్న రాళ్లు. చేతులకు గుడ్డ చుట్టుకోవడం తప్పనిసరి, లేకపోతే వేళ్లు మొద్దుబారతాయి.

తర్వాత బృందాలు బిళ్లలు మార్చుకున్నాయి. ఎదుటివాళ్లు ఏ దిశలో తోశారో గీతలు చూసి చెప్పాలి. ఇక్కడ మంచి చిక్కు వచ్చి పడింది. గీత ఉత్తర దక్షిణాలుగా ఉందని చెప్పవచ్చు గానీ మంచు ఉత్తరం నుంచి వచ్చిందా, దక్షిణం నుంచి వచ్చిందా గీతను బట్టి తేల్చలేం. రెండో ఆనవాలు కావాలి. రోష్ మూటొనే అనే రాతి గుట్టల ఫొటోలు చూపించాను. మంచు ఎదురుగా వచ్చిన వైపు ఏటవాలుగా, నునుపుగా ఉంటుంది. మంచు దాటి దిగిన వైపు, పగుళ్లలో నీరు గడ్డకట్టి రాతి పెళ్లలు ఊడిపోవడం వల్ల గరుకుగా, నిటారుగా ఉంటుంది. నునుపు వైపు నుంచి గరుకు వైపుకు ప్రయాణమన్నమాట.

ఈ నైపుణ్యంతో భారత ఉపఖండం వైపు చూశాం. ఒడిశాలోని తాల్చేర్ దగ్గర బంకమట్టిలో ఇరుక్కున్న పెద్ద పెద్ద బండలను 1856లో భూగర్భ శాస్త్రవేత్తలు బ్లాన్‌ఫర్డ్ సోదరులు వర్ణించి, మంచు పని అయి ఉండాలన్నారు. ఉష్ణమండలంలో హిమానీనదం ఏమిటని అందరూ ఆశ్చర్యపోయేలాంటి మాట అది. అదే కాలపు మంచు ఆనవాళ్లు దక్షిణ ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో కూడా దొరికాయి. కాగితం ఖండాలు కత్తిరించి, మంచు ఆనవాళ్లున్న చోట్లకు రంగు వేసి, అంచులు కలపమన్నాను. రంగు వేసిన చోట్లన్నీ దగ్గరికి చేరి దక్షిణ ధ్రువం చుట్టూ ఒకే మచ్చ అయింది. సుమారు 30 కోట్ల ఏళ్ల క్రితం ఈ నేలలన్నీ గోండ్వానా అనే ఒకే మహాఖండంలో భాగాలు. ఖండాలు కదులుతాయని వాదించిన శాస్త్రవేత్త వెగెనర్ చూపిన ఆధారాల్లో ఇది ముఖ్యమైనది. ఇది ఇక్కడికి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు కొన్నిసార్లు వస్తువు కదల్లేదు, నేలే కదిలిందన్నది జవాబు.

ఆగస్టు చివర: ముందుకు నడుస్తూ వెనక్కి తగ్గడం

ప్రాజెక్టులో నేను ఎక్కువగా ఎదురుచూసిన పని ఇదే. హిమానీనదాలు వెనక్కి తగ్గుతున్నాయన్న వార్తలు పిల్లలు చదువుతారు. దాంతో మంచు కొండ పైకి తిరిగి ఎక్కుతోందని ఊహించుకుంటారు. ఎన్ని బొమ్మలు గీసి చెప్పినా ఆ ఊహ చెదరదు. చేతులతో చేస్తే చెదురుతుంది.

మిశ్రమం ఇలా: ఒక కప్పు తెల్ల జిగురులో ముప్పావు కప్పు గోరువెచ్చని నీళ్లు కలపాలి. వేరే గిన్నెలో అరకప్పు వేడి నీళ్లలో రెండు చిన్న చెంచాల బొరాక్స్ కరిగించాలి. రెండూ కలిపి బాగా పిసికితే సాగే ముద్ద వస్తుంది. బొరాక్స్ నోట్లోకి, కళ్లలోకి పోకూడదు, పని అయ్యాక చేతులు కడుక్కోవాలి. సగానికి చీల్చిన గొట్టాన్ని ఏటవాలుగా ఆనించి పై చివర ముద్ద పెడితే నెమ్మదిగా జారుతుంది.

మొదట ముద్ద మీద స్కెచ్ పెన్నుతో అడ్డంగా తిన్నని గీత గీశాం. కాసేపటికి గీత మధ్యలో ముందుకు వంగి విల్లులా అయింది. అంచులు గొట్టానికి రాసుకుని ఆగుతాయి, మధ్య భాగం ముందుకు పోతుంది. 1842లో జేమ్స్ ఫోర్బ్స్ ఆల్ప్స్‌లోని మెర్ ద గ్లాస్ హిమానీనదం మీద గుర్తులు పెట్టి కొలిచి ఇదే చూపించాడు. ఉంటరార్ హిమానీనదం మీద హూగి అనే శాస్త్రవేత్త 1827లో కట్టుకున్న చిన్న గుడిసె, అగస్సీ వెళ్లేనాటికి కిలోమీటరుకు పైగా కిందికి ప్రయాణించి ఉంది. గుడిసె కథ పిల్లలకు ఎంత నచ్చిందంటే, ఆ రోజంతా ప్రతి బృందమూ ముద్ద మీద కాగితపు గుడిసెలు నిలబెట్టింది.

తర్వాత ఒకరికి చెంచా ఇచ్చాను. ఆ చెంచా ఎండ పని చేస్తుంది, ముద్ద కొసను తీసేస్తూ ఉంటుంది. ఇంకొకరు పై చివర కొత్త ముద్ద వేస్తారు, అది హిమపాతం. పై నుంచి వచ్చేంతే కింద తీస్తే కొస ఒకే చోట నిలుస్తుంది. వచ్చేదానికంటే ఎక్కువ తీస్తే కొస గొట్టం పైకి జరుగుతుంది. కానీ కాగితపు గుడిసె? అది ఆగకుండా కిందికే వస్తోంది. కొస వెనక్కి పోతోంది, మంచు ముందుకే వస్తోంది. రెండూ ఒకేసారి కళ్లముందు జరుగుతుంటే వెనుక వరుసలోని వాళ్లు బెంచీ మీదకెక్కి చూశారు.

అక్కడితో ఆపకుండా ముద్ద మీద చిన్న రాళ్లు చల్లాం. కొసను ఒకే చోట నిలిపి ఉంచిన బృందానికి రాళ్లన్నీ అక్కడే పడి అడ్డంగా గట్టు ఏర్పడింది. కొసను నిలకడగా వెనక్కి జరిపిన బృందానికి రాళ్లు గొట్టం పొడవునా చెదిరి పడ్డాయి. హిమానీనదం తెచ్చి పోసిన రాళ్ల గట్టును మొరైన్ అంటారు. మొరైన్ గట్టు ఎక్కడుంటే అక్కడ మంచు కొస చాలాకాలం ఆగిందని ఇక వాళ్లకు చెప్పనక్కర్లేదు. రెండు గొట్టాలను కలిపి, అంచుల వెంట నల్ల ఇసుక చల్లిన బృందానికి కలిసిన చోటు నుంచి మధ్యలో నల్లని చార సాగింది. అది మధ్య మొరైన్. ఉపగ్రహ చిత్రాల్లో కారకోరం హిమానీనదాల మీద కనిపించే నల్ల చారలు వాళ్లే వెతికి పట్టుకున్నారు.

నమూనాకు ఉన్న హద్దు కూడా రాయించాను. మా ముద్ద నిమిషాల్లో జారుతుంది. చాలా హిమానీనదాలు ఏడాదికి పదుల నుంచి వందల మీటర్లు కదులుతాయి. గ్రీన్‌లాండ్‌లోని యాకబ్స్‌హావ్న్ మాత్రం 2012 వేసవిలో రోజుకు 40 మీటర్లకు పైగా కదిలింది. ఈ హిమానీనదం పగుళ్లలోకే 2008లో నాసా పరిశోధకులు 90 రబ్బరు బాతులను వదిలారు, కరుగునీరు మంచు అడుగున ఏ దారిన పోతోందో తెలుసుకోవాలని. ఆ బాతులు ఎక్కడ తేలాయో మాకు తెలియలేదు కాబట్టి, మేము కూడా ఒక దారాన్ని పటం మీద అక్కడి నుంచి సముద్రంలోకి వదిలి, కొసను ముడి వేయకుండా ఉంచాం.

సెప్టెంబరు: గీతల పటాలు, రెండు గిన్నెలు

ఒకే ఎత్తున్న చోట్లను గీతలతో కలిపే కాంటూరు పటాల మీద అడ్డుకోత గీసి, ఏరు కోసిన వి ఆకారపు లోయను, హిమానీనదం కోసిన యు ఆకారపు లోయను వేరు చేయడం అనుకున్నంత సాఫీగానే జరిగింది. గీతలు దగ్గర దగ్గరగా ఉండి, మధ్యలో ఒక్కసారిగా విశాలంగా విడిపోతే ఆ లోయ అడుగు చదునైనదని వాళ్లకు పట్టుబడింది. ప్రధాన లోయ గోడ మీద ఎత్తున ఆగిపోయే ఉపలోయలను, అంటే వేలాడే లోయలను, పటంలో జలపాతం గుర్తు చూసి కనిపెట్టిన వాళ్లున్నారు. ఇది సాధనతో వచ్చే పని, ఇంకా చేయిస్తాను.

గిన్నెల ప్రయోగానికి మాత్రం గట్టి వాదన నడిచింది. ఒక గిన్నె నీళ్లలో మంచు ముక్కలు తేలుతున్నాయి. ఇంకో గిన్నెలో నీటి పైకి లేచిన రాయి మీద మంచు ముక్కలు ఉన్నాయి. రెండింటికీ నీటి మట్టం గుర్తు పెట్టాం. కరిగాక మొదటి గిన్నెలో మట్టం మారలేదు, రెండోదాంట్లో పెరిగింది. సముద్రం మీద తేలే మంచుకు, నేల మీది మంచుకు ఉన్న తేడా ఇదే. సుమారు 20,000 ఏళ్ల క్రితం మంచు బాగా విస్తరించినప్పుడు సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల వరకు కింద ఉండేది. ఆ నీరంతా నేల మీద మంచుగా నిలిచి ఉంది. ఇప్పుడు గ్రీన్‌లాండ్ మంచు పూర్తిగా కరిగితే సముద్రం సుమారు 7 మీటర్లు పెరుగుతుంది. గంగోత్రి లాంటి సుమారు 30 కిలోమీటర్ల హిమానీనదం కొస వెనక్కి జరుగుతూ ఉంటే, దాని దిగువన భాగీరథి నీటి మీద బతికేవాళ్లకు అది ఇంకో రకమైన ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలను పిల్లలు కలిపేస్తారు, విడదీసి చెప్పడానికి మరికొంత సమయం కేటాయించాలి.

ప్రస్తుతం నడుస్తున్న పని: ఉత్తర సముద్ర మార్గం

గ్లోబు మీద యోకోహామా నుంచి రాటర్‌డామ్‌కు రెండు దారాలు కట్టారు, ఒకటి సూయజ్ మీదుగా, ఒకటి సైబీరియా ఉత్తర తీరం మీదుగా. రెండోది ఎంత పొట్టిదో చూసి, ఓడలన్నీ అటే ఎందుకు పోవని అడిగారు. 1878లో నార్డెన్‌షోల్డ్ అనే అన్వేషకుడు వేగా ఓడలో ఆ దారిన బయలుదేరి, బేరింగ్ జలసంధికి దగ్గరగా వచ్చి మంచులో చిక్కుకుని, 1879 జూలైలో గానీ బయటపడలేదని చెప్పాను. ఇప్పుడు వేసవిలో అక్కడ సముద్రపు మంచు బాగా తగ్గింది. కొన్ని ఓడలు తిరుగుతున్నాయి.

తరగతి రెండుగా చీలింది. దూరం తగ్గితే ఇంధనం ఆదా అవుతుందని ఒక పక్షం. ఓడల పొగలోని మసి మంచు మీద పడితే తెలుపు తగ్గి ఎండను ఎక్కువగా పీల్చుకుంటుందని, మంచు ఇంకా తొందరగా కరుగుతుందని రెండో పక్షం. ఆర్కిటిక్‌లో బరువైన ఇంధన నూనె వాడకంపై అంతర్జాతీయ నౌకా సంస్థ నిషేధం 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిందని, కొన్ని ఓడలకు 2029 వరకు మినహాయింపు ఉందని రెండో పక్షంలోని ఒక అమ్మాయి ఆనవాలుతో సహా తెచ్చింది. మొదటి పక్షం ఆ మినహాయింపు ఎవరికి, ఎందుకు అని వెతుకుతోంది.

సోమవారం ఆర్కిటిక్ మండలి సమావేశం నడుపుతాం. 1996లో ఏర్పడిన ఆ మండలిలో ఎనిమిది సభ్యదేశాలు, వాటితోపాటు బల్ల దగ్గర కూర్చునే హక్కున్న ఆదివాసీ సంఘాలు, పరిశీలక దేశాలు ఉన్నాయి. భారతదేశం 2013 నుంచి పరిశీలక హోదాలో ఉంది. పాత్రలు చీటీలు వేసి పంచాం. చొక్కా బేరంలో బ్రాండు వైపు కూర్చున్నవాళ్లకు ఈసారి ఆదివాసీ సంఘాల కుర్చీలు ఇచ్చాను. వాళ్లు ఇప్పటికే గ్రంథాలయంలో ఉన్న ఆర్కిటిక్ పటం తీసుకుపోయారు.